విలువ లేదన్న రాయిని వదలని వ్యాపారి

ఈ రోజు మధ్యాహ్నం, నేను వజ్రాలు పరీక్షించే గదికి మంథని నుంచి హసీనా బేగం గారు వచ్చారు. అత్తగారిచ్చిన ఉంగరాన్ని అమ్మి, కూతురి చేత కుట్టుపని దుకాణం పెట్టించాలని ఆమె ఆశ. అంతకు ముందే కరీంనగర్‌లోని ఒక పెద్ద నగల దుకాణంలో చూపించారట. పాతకాలపు రాయి, మెరుపు లేదు, బంగారం తూకానికే ధర కడతానన్నాడట యజమాని.

“మరి మీరేమన్నరమ్మా?” అని అడిగాను.

“రాయికి ధర లేకపాయె గదా సేఠ్, తీసి నాకియ్యి, మా అత్త యాదికి దాసుకుంట అన్న సార్. గంతే, మొకం మాడ్చుకున్నడు. జర ఎక్కువిస్త, రాయి సంగతి ఇడిసిపెట్టు అన్నడు. గప్పుడే నాకు షక్ వచ్చింది, గీ రాయిల ఏదో ఉన్నదని.”

పరికరంతోనూ భూతద్దంతోనూ చూశాను. యంత్రాలు రాకముందు చేతితో సానపట్టిన అసలైన వజ్రం. అంచున చిన్న పెచ్చు ఊడింది, దానివల్ల ధర కొంత తగ్గుతుందనీ చెప్పాను. అయినా ఆ బంగారం కంటే రాయి విలువే ఎన్నో రెట్లు. మెరుపును కప్పేసింది ఏళ్ల తరబడి పేరుకున్న సబ్బు జిడ్డు. గోరువెచ్చని నీళ్లలో కడిగితే పోయింది.

ఆ యజమానికి ఇది తెలియకపోతే జాలిపడేవాణ్ణి. ఏసీ గదిలో దేవుడి పటం కింద కూర్చుని, తెలిసి చేసిన చిల్లర దొంగతనమిది. మీకూ ఇలాంటి పెద్దమనుషులు తగిలారా?

వెళ్తూ ఆమె అడిగారు: “పోయేటప్పుడు గా సేఠ్‌కు ఒకపారి చూపిచ్చి పోనా సార్?”

“తప్పకుండా చూపియ్యండి. చేతికి మాత్రం ఇయ్యకండి” అన్నాను.