బావ చేతికి సరిపోయిన పిడి

మొన్న మా కోడలు ఫోన్లో చూసి కూరగాయల కత్తి ఒకటి తెప్పించింది. అట్టపెట్టె విప్పి, "అత్తమ్మా, పట్టుకోని చూడుండ్రి, ఎంత మంచిగున్నదో" అంటూ నా ముందు పెట్టింది. నల్ల రబ్బరు పిడి, వేళ్ళు ఆనేచోట గుంతలు. పట్టుకున్నాను. నా చిటికెన వేలికి అందులో చోటు దొరకలేదు. ఎవరి చెయ్యి చూసి చేశారో గాని నాది మాత్రం కాదు. అయినా బాగుందనే అన్నాను. కొత్త వస్తువుకు తెచ్చిన రోజే వంక పెడితే ఆ పూట ఇంట్లో వంట ఆలస్యమవుతుందని నా అనుభవం. కానీ ఆ సాయంత్రమంతా గోదావరిఖనిలో మా బావ కత్తే కళ్ళలో మెదిలింది. దానికి పిడి కట్టింది నేనే. జాకెట్లు కుట్టుకొనే మనిషిని, కత్తి పిడి జోలికి ఎందుకు పోయానో చెప్పాలి.

బావ అంటే మా అక్క భర్త. భూమి లోపలి గనిలో పని. బొగ్గును పేల్చేముందు రంధ్రంలో మందు పెట్టి, దానిమీద మట్టి కూరుతారు. ఆ మట్టిని కడ్డీలుగా చేసి అందించడం బావ డ్యూటీ. మనిషికి నోరు పెద్దది. షిఫ్టు దిగి ఇంటికి వచ్చాడంటే క్వార్టర్ల వరస మొత్తానికి తెలిసేది. నేను అక్కవాళ్ళకు దగ్గర్లోనే మిషను పెట్టుకొని ఉండేదాన్ని. మరదలిని కదా, నన్ను ఏడిపించకపోతే ఆయనకు చాయ్ గొంతు దిగేది కాదు. "ఏందే పిల్లా, ఊరందరి కొలతలు నీ దగ్గర్నే ఉన్నయట, జర మీ అక్క నోటి కొలత గూడ తీస్కోరాదు" అనేవాడు. లోపలి నుంచి అక్క గరిటె చప్పుడు చేసేది.

దసరాకు ఆ వరసవాళ్ళందరూ కలిసి మేకనో గొర్రెనో ఒక యాటను తెచ్చి కోసుకొనేవారు. పెద్ద కత్తి పట్టేవాళ్ళు వేరే. క్వార్టర్ల వెనక సందులో టార్పాలిన్ పరదా పరిచి, ఇంటికొక పోగు చొప్పున మాంసం పెట్టి, చిన్న కత్తితో ఈ పోగులోది కాస్త కోసి ఆ పోగులో వేస్తూ అన్నింటినీ సమానం చేసేది మాత్రం మా బావే. కార్జం, కొవ్వు, బొక్క, మెత్తటి ముక్క అందరికీ రావాలి. తూకం లేదు, కంటితోనే చూడాలి. పంచినవాడు చిట్టచివర మిగిలిన పోగు తీసుకోవాలన్నది అక్కడి కట్టుబాటు. అందుకని ఎవరికీ పెద్దగా అనుమానం ఉండేది కాదు. ఉన్నా నాలుగు మాటలు తిట్టి వండుకొని తినేవారు.

ఒక ఏడాది గనిలో బొగ్గు మోసే టబ్బుల మధ్య పడి బావ కుడిచెయ్యి నలిగింది. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. చెయ్యి దక్కింది గాని మూడు వేళ్ళు సగం వరకే వంగేవి. తర్వాత గని పైననే, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. పని మారినందుకు ఆయనకు బాధ లేదు, చెయ్యిని చూస్తేనే సిగ్గు. ముద్ద జారిపోతుందని ఎవరి ముందూ అన్నం తినేవాడు కాదు. లోపలి గదిలో చెంచాతో తిని, మూతి తుడుచుకొని వచ్చేవాడు. నన్ను ఏడిపించడం మానేశాడు. పోనీలే, హాయి అనుకోవలసింది, కానీ ఆ మౌనం నాకు భరించరానిదిగా ఉండేది. దసరా దగ్గర పడుతుంటే, ఈసారి పండుగనాడు తను ఇంట్లో ఉండననీ, ఊరికి పోతాననీ అన్నాడట. ఆ మాట విన్న పొద్దే అక్క ఆయన కత్తిని కొంగులో చుట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"చెల్లె, గీ పిడి సన్నగున్నది, మీ బావ చేతుల నిలుస్తలేదు. ఏమన్న చుట్టియ్యి. ఈసారి పోగులు వెట్టకుంటే ఆయన ఇగ ఎన్నడు నలుగుట్ల కూసోడు" అంది. అని కత్తిని మిషను బల్లమీద పెట్టింది. ఎంత తొందర ఉన్నా తగాదాలొస్తాయని కత్తిని చేతికివ్వదు, కింద పెడితేనే అవతలివాళ్ళు తీసుకోవాలి.

నేను కట్టిన మొదటి పిడిని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నొప్పి చెయ్యి కదా, మెత్తగా ఉండాలనుకున్నాను. స్పాంజి చుట్టి, దానిమీద మిగిలిపోయిన ఎర్ర మఖమల్ ముక్కతో గలీబు కుట్టాను. అంచుకు గొలుసు కుట్టు కూడా వేశాను. అక్కవాళ్ళింటికి తీసుకుపోయి ముందు పెడితే, బావ దాన్ని పట్టుకొని ఉల్లిగడ్డ మీద ఆనించాడు. స్పాంజి అణిగిపోయింది, పిడి లోపలే గిర్రున తిరిగింది, కత్తి పక్కకు పడింది. ఉల్లిగడ్డ గడప దాకా దొర్లింది.

"గిది కత్తా, పసిపోరి దిండా?" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇడిసిపెట్టు పిల్లా, ఇగ నాతోని కాదు" అని గోడవైపు తిరిగాడు.

నాకు కోపమొచ్చింది, ఎవరిమీదో చెప్పలేను. మెడలో ఉన్న టేపు తీసి, "చెయ్యి ఇటియ్యి బావా. కొలత లేకుంటే జాకెట్టే సరిపడదు, కత్తికేం సరిపడ్తది?" అన్నాను. ఇటు తిరగకుండానే చాపాడు. మూయగలిగినంత మూయమన్నాను. వేళ్ళకూ అరచేతికీ మధ్య ఎంతో ఖాళీ మిగిలింది. దాన్ని చూస్తుంటే అప్పుడు తట్టింది, ఈ చేతికి కావలసింది మెత్తదనం కాదు, నిండుదనం. వేళ్ళు పిడి దాకా రాలేవు గనుక పిడే వేళ్ళ దాకా రావాలి. కానీ ఒక్కో వేలు ఒక్కో చోట ఆగుతోంది. "ఈ వంకర టేపుకెట్ల దొరుకుతది?" అని గొణిగాను.

బావ లేచి పెరట్లోకి పోయాడు. పొయ్యి అలకడానికి అక్క నానబెట్టిన మట్టిలోంచి ఒక ముద్ద తీసి, ఎడమచేత్తో చెక్కమీద దొర్లించి, గనిలో చేసినట్టే కడ్డీ చేశాడు. దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకొని వదిలాడు. వేళ్ళు ఆగినచోటల్లా గుంతలు పడ్డాయి.

"గిదే కొలత. తీస్కపో" అన్నాడు.

ఎండలో ఆరిన ఆ కడ్డీని మిషను పక్కన పెట్టుకొని పిడి కట్టాను. గోనెసంచి పేలికలను జిగురులో ముంచి బిగించి చుట్టాను, బొటనవేలు ఆనేచోట పలచగా, ఆ మూడు వేళ్ళు ఆగేచోట మందంగా. పైన లంగాలకు వేసే నూలు నాడాను తడిపి చుట్టాను. తడి నాడా ఆరితే బిగుసుకుంటుంది, కొవ్వు అంటిన చేతిలోనూ తొందరగా జారదు. చూపుకు అందంగా ఏమీ లేదు, వంకర చిలగడదుంపలా ఉంది. బావ పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ రెండు ముక్కలైంది. ఇంకోటి అడిగాడు, తర్వాత ఇంకోటి. ఆ పూట అక్క ఇంట్లో ఉల్లిగడ్డ కూర తప్ప వేరేది వండే వీలు లేకపోయింది.

దసరానాడు బావ ఊరికి పోలేదు. పరదా ముందు కూర్చున్నాడు. నేనూ అక్కా కిటికీలోంచి చూస్తున్నాం. చెమటలు కారుతున్నాయి, మధ్యమధ్య కత్తి పెట్టి చెయ్యి విదిలిస్తున్నాడు, అయినా పోగులు పడుతున్నాయి. నాకు బాధ కలిగించింది ఆ చెయ్యి కాదు, చుట్టూ ఉన్న మనుషులు. ఏటా నెత్తిమీద నిలబడి "గా బొక్క ఇటెయ్యి" అని అరిచేవాళ్ళు, రోగిని చూడవచ్చినట్టు చేతులు కట్టుకొని నిలబడ్డారు. అంతా అయ్యాక ఒక పెద్దాయన, "ఈసారి నువ్వే ముందుగాల తీస్కో బిడ్డా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. బావ ముఖం నల్లబడింది.

"పంచినోడు ముందుగాల తీస్కునుడు ఏడన్న ఉన్నదా కాకా? నాది ఆఖరి పోగు. మీరు తీస్కోండ్రి" అన్నాడు.

ఒక్కొక్కరే మాట్లాడకుండా తీసుకున్నారు. చివరి పోగును బావ గిన్నెలో వేసుకుంటుండగా, పక్క క్వార్టరాయన తన పోగును కెలికి చూసుకొని గొంతు లేపాడు. "ఏందన్నా గిది? నాకన్ని బొక్కలే వడ్డయి! కార్జం గింతంతేనా? కండ్లు కనవడ్తలేవా నీకు?"

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావ లేచి నడుం మీద చెయ్యి పెట్టాడు. "నిరుడు తొడకూరంత నీకే వడ్డప్పుడు కండ్లు మంచిగ కనవడ్డయారా? అప్పుడేం మాట్లాడలే?" అని అరిచాడు. ఆయన ఒకటంటే ఈయన రెండు. పెద్దాయన సర్దిచెప్పబోయి తనూ రెండు తిట్లు తిని, తనూ అరవడం మొదలుపెట్టాడు. పక్క క్వార్టరాయన కావాలనే అన్నాడో, నిజంగానే కార్జం తక్కువ పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైనా ఆయన చల్లగా ఉండాలి. కేకలు వేస్తున్న మొగుణ్ణి చూస్తూ అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఏ తగాదాలోనూ దొరకలేదు.

అంతకుముందు కొన్ని నెలలుగా అక్క ఏది చెప్పినా "మీ బావకు దెబ్బ తాకినంక" అనే మొదలుపెట్టేది. బియ్యం తెచ్చినా, ఇల్లు కడిగినా, చుట్టాలొచ్చినా, అన్నీ ఆ దెబ్బ నుంచే లెక్క. ఆ పండుగ తర్వాత ఒకనాడు ఒక కొత్త చీర తెచ్చి ఫాల్ కుట్టమంది. ఎప్పుడు కొన్నావని అడిగితే, "దసరా అయినంక" అంది. తను గమనించలేదు, సూదిలోకి దారం ఎక్కిస్తున్న నా చెయ్యే ఆగింది. ఆగిపోయిన కాలం మా అక్క ఇంట్లో మళ్ళీ అందరి ఇళ్ళలోలాగే పండుగ నుంచి పండుగకు నడవడం మొదలైంది.