కొలత చూసి పాట ఇచ్చిన కనకక్క

మాజ్రి బడిలో పిల్లలకు భూగోళం చెబుతుండగా అమ్మ ఫోను చేసింది. "కనకక్క మిషన్ మీద తల వాల్చింది బిడ్డా, మళ్ల లేవలే" అన్నది. ఆ మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. నల్లబల్ల మీద సగం గీసిన నదిని సముద్రం దాకా గీశాను. పిల్లలను తోటి మాస్టారుకు అప్పగించి, సుద్దముక్క గుప్పిట్లోనే పెట్టుకొని బండెక్కాను. లాల్‌పేట్‌లో ఆమె కుట్టు దుకాణం ముందు దిగేటప్పటికి గుండె ఆగిందని డాక్టరు చెప్పి వెళ్ళిపోయాడు. మిషన్ సూది కింద ఎవరిదో జాకెట్టు చెయ్యి సగం కుట్టి అలాగే ఉంది.

ఆనాడు శనివారం. ముందురోజే ఆమె నాకు ఫోను చేసింది. "తమ్మీ, నీది దొరికింది. ఆదివారం జర పురసత్‌గ వచ్చి కూసో" అన్నది. ఏం దొరికిందని నేను అడగలేదు. దాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవాణ్ణి. మన కనకలక్ష్మి, మనందరి కనకక్క, దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ కొలత చూసి ఒక జపాను పాట ఇచ్చేది. అందరికీ ఇచ్చింది, నాకొక్కడికే ఇవ్వలేదు. దొరికిందన్న మాట మాత్రం ఇచ్చి పాటను తనతో తీసుకుపోయింది. రాస్తున్నది నివాళే అయినా, నివాళికి తగిన నిశ్చలత్వం నా మనసుకు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆమె మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గుబావుల పనికి వచ్చిన ఇంటికి కోడలుగా ఇక్కడికి చేరింది. భర్త ఓదెలు బావ గనిలో డ్రిల్లు పట్టి పట్టి చెవులు పోగొట్టుకున్నాడు. ఆమె సెకండ్ హ్యాండులో ఒక జపాను కుట్టు మిషన్ కొని దుకాణం పెట్టింది. ఒకసారి దానికి దారం ఊరికే తెగిపోతుంటే ఇక్కడి మెకానిక్కులు చేతులెత్తేశారు. ఫోనులో వెతికితే, అదే రకం మిషన్‌ను విప్పి చూపిస్తున్న ఒక జపాను పెద్దాయన వీడియో దొరికింది. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు, చేతులు అర్థమయ్యాయి. మిషన్ బాగుపడింది. ఆయన గదిలో వెనక ఎక్కడో సన్నగా ఒక ఆడగొంతు పాడుతోంది. మిషన్ బాగయ్యాక కూడా కనకక్క ఆ వీడియో పెట్టుకుంటూనే ఉంది. "గంత పని నడుస్తుంటే, ఎవలు వింటలేకున్నా పాడుతున్నది సూడు ఆ పిల్ల" అని నాతో అన్నది. ఆ జిజ్ఞాస అక్కడ అంకురించింది, చివరి ఊపిరి దాకా వాడిపోలేదు.

ప్రసిద్ధ గాయకుల జోలికి ఆమె పోయేది కాదు. లక్షల మంది చూసిన పాట కనబడితే వేలితో పక్కకు తోసేసేది. "పేరున్నోళ్లకు మనమెందుకు తమ్మీ? ఆల్లను లోకమే వింటది. చిన్న హోటల్లో నలుగురి ముంగట పాడేటోళ్లను పట్టుకోవాలె. మనమొక్కలం విన్నా ఆల్లకు ఎరుకైతది" అనేది. విన్న ప్రతి పాట కిందా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేది, అంతకు మించి రాయడానికి ఆమెకు ఆ భాష రాదు. ఒక గాయని తిరిగి అదే బొమ్మ పెట్టింది. ఆ రోజు దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ కనకక్క ఫోను చూపించింది. మా అమ్మ జాకెట్టుకు మెడ తప్పు కత్తిరించిందీ ఆ రోజే. అమ్మ ఇప్పటికీ ఆ జపాను పిల్లను క్షమించలేదు.

ఇక ఆమె పద్ధతి. కొత్త మనిషి వస్తే టేపు మెడలో వేసుకొని ఛాతీ, నడుము, చెయ్యి కొలిచేది. కొలుస్తూనే మాట్లాడించేది. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో వినేది. "ఆగు, నీకు ఒకటున్నది" అని స్పీకరు మిషన్ బల్ల మీద పెట్టి పాట వినిపించేది. పాటను ఎవరి ఫోనుకూ పంపేది కాదు. పంపితే ఇంటికి పోయి వినరు, వినాలంటే ఇక్కడే కూచోవాలి. మళ్ళీ ట్రయల్ నాడు జాకెట్టు వేయించి చూసి, అదే పాట రెండోసారి పెట్టి అడిగేది: "ఏడ పట్టింది? ఏడ వదులైంది?" జవాబు చెప్పందే జాకెట్టు చేతికి వచ్చేది కాదు. ఆమె కళాబోధన అంతా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

కోర్పనా దిక్కు పల్లె నుంచి, సోయాబీన్ కోతలయ్యాక జాకెట్లు కుట్టించుకునే భీంబాయికి ఒక ద్వీపంలో తీగల వాద్యం మీటుతూ పాడే ముసలాయనను ఇచ్చింది. ట్రయల్ నాడు భీంబాయి నిర్మొహమాటంగా చెప్పింది: "అక్కా, నడుమ కాడ వదులున్నది. ముసలోడు ఆగి ఎటో సూస్తుండు." కనకక్క తల ఊపింది. "ఊపిరి తీసుకుంటుండు. నువ్వు చేనుల నడుం ఎత్తి నిలవడవా, గట్ల." భీంబాయి మూడోసారి పెట్టించుకొని విన్నది. ఆ ఆగే చోటు రాగానే తనూ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. తరువాత తన ఊరి ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించుకొచ్చి మరీ వినిపించింది.

పొరపాట్లూ జరిగాయి. ఒక అమ్మాయి పాటలో పైస్థాయిలో ఒక దీర్ఘస్వరం ఉంది. కనకక్క కొత్త స్పీకరు కొన్న రోజున అది మన గనిలో పేల్చే ముందు కూసే సైరన్‌లా వీధంతా వినిపించింది. పక్కింటివాళ్ళు అలవాటు ప్రకారం అరల మీద గిన్నెలన్నీ కిందికి దించుకొని, గోడలు ఎప్పుడు అదురుతాయా అని కూచున్నారు. ఎంతసేపటికీ అదరలేదు. చివరికి ఒకాయన వచ్చి "గిదేంది కనకక్కా, పేలదా?" అని అడిగాడు. "కూసో, ఇంక జరసేపైతే పేలుతది" అని ఆయనకు ఆఖరు చరణం వినిపించింది. అప్పటి నుంచి ఆ గాయనికి లాల్‌పేట్‌లో సైరన్ పిల్ల అనే పేరు స్థిరపడింది.

అన్నీ అటువంటి పేర్లే. మాజ్రి స్టేషన్‌లో బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకున్నట్టు డోళ్ళు కొట్టే కుర్రాళ్ళ బృందం మాజ్రి ముఠా. భీంబాయి ముసలాయన సోయాబీన్ తాత. ఆ లిపి ఆమెకు రాదు, మాకెవరికీ రాదు. పొరుగు రాష్ట్రంలోని ఈ గనుల ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళమే గాని తెలుగు అక్షరాలు కూడబలుక్కొనేవాళ్ళు కూడా కొద్దిమందే. నాకు మా నాన్న నేర్పాడు కనుక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. "అక్కా, అసలు పేరేంది?" అని నేను పోరేవాణ్ణి. "అసలు పేరుతోని నీకేం పని? మాజ్రి ముఠా అంటే సమజ్ అయితలేదా?" అని కొట్టిపారేసేది. అందరికీ సమజ్ అయ్యేది. అందుకే అసలు పేరు ఎవరమూ చూసిపెట్టుకోలేదు.

నా సంగతి వేరు. ఎప్పుడు వెళ్ళినా టేపు తీసేది, ముఖంలోకి చూసేది, మళ్ళీ మెడలో వేసుకునేది. "నువ్వు నిలబడ్డ కాడ నిలవవు. కూసుంటె కాలు ఊపుతవు. మాట సగంలనే ఇంకోటి ఎత్తుకుంటవు. గిసోంటోని కొలత ఎట్ల తియ్యాలె?" అనేది. ఊరికే ఏదో ఒకటి ఇచ్చెయ్యమంటే ఒప్పుకునేది కాదు. "రెడీమేడ్ నా కాడ దొరకది" అని మిషన్ తొక్కేది. నవ్వుతూనే బయటికొచ్చేవాణ్ణి. కానీ లోపల కొంచెం బాధపడేవాణ్ణి. అందరికీ సరిపోయేది ఏదో ఈ లోకంలో ఉంది, నాకే లేదేమోననిపించేది. బాల్యం నుంచీ నన్ను కుదురు లేనివాడని తిట్టినవాళ్ళే గాని, దానికి తగిన వస్తువు ఒకటి ఉంటుందని నమ్మి వెతికిన మనిషి ఆమె ఒక్కతే.

వాళ్ళ ఇంటి ఆచారం పూడ్చడం. మనిషికి ఇష్టమైనవి పక్కన పెట్టి సాగనంపుతారు. మట్టి వేసేముందు ఓదెలు బావ ఆమె ఫోనుకు కొలత టేపు చుట్టి కుడిచేతి దగ్గర పెట్టాడు. తాను వినలేని పాటలను భార్యతో పంపించిన ఆ దృశ్యం చూసి ఏడవనివాడు లేడు. నాకూ సబబుగానే తోచింది. ఇంటికొచ్చి స్నానం చేస్తుండగా, నీళ్ళు పోసుకునే చెయ్యి ఆగిపోయింది. పాటలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. నాదీ దానిలోనే ఉంది. ఆమె ఏ ఖాతాతో వినేదో, దాన్ని ఎలా తెరవాలో ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి స్థిమితం లేదు. దుకాణానికి వచ్చేవాళ్ళందరినీ అడిగాను. ఎవరి పాటను వాళ్ళు కూనిరాగం తీస్తున్నారు, పేరు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. సైరన్ పిల్ల అని ఫోనులో వెతికితే సైరన్లు వస్తున్నాయి, మాజ్రి ముఠా అని వెతికితే రైలు టైములు వస్తున్నాయి. బడిలో పాఠం మధ్యలో ఆగిపోతున్నాను. చచ్చిపోయిన మనిషి మీద కోపం కూడా వచ్చింది. ఆ రోజు ఫోనులోనే పాట వినిపించేస్తే ఏం పోయేదని గట్టిగానే అన్నాను.

పెద్దకర్మ అయ్యాక దుకాణానికి వెళ్ళాను. ఓదెలు బావ ఆమె స్టూలు మీద కూచుని, మిషన్‌కు పట్టిన బొగ్గు దుమ్ము తుడుస్తున్నాడు. ఆయనతో మాట్లాడాలంటే సైగలే. ఫోను చూపించాను, చెవి ముట్టుకున్నాను, నా గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను.

"నీ పాటనా బామ్మర్దీ?" అన్నాడు గట్టిగా. "నాకెట్ల ఎరుక? నాకు ఇనబడదాయె." తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. "ఆమె పాట పెడితె నేను బల్ల మీద చెయ్యి పెట్టేటోణ్ణి. చేతికి తెలుస్తది. ఆ శనివారం పొద్దున్నుంచి ఒక్కటే పాట పెట్టింది, మళ్ల మళ్ల. గిట్ల."

అరచేతితో మిషన్ బల్ల మీద కొట్టాడు. వడివడిగా కొన్ని దెబ్బలు, తొందరపడుతున్నట్టు. ఉన్నట్టుండి ఆగింది. అయిపోయిందనుకొని నేను కదలబోతే చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ అందుకున్నాడు, ఈసారి వేరే నడకలో.

"ఈడ ఇగ అయిపోయిందనిపిస్తది. అయిపోదు. 'అచ్చం మా తమ్ముని లెక్కనే ఉన్నది, కుదురు లేదు' అని నవ్వింది. పెదవులు సూసి సమజ్ చేసుకున్న."

నేను స్టూలు పక్కన నేల మీద కూచుండిపోయాను. గొంతు తెలియదు, రాగం తెలియదు, పాడింది ఆడో మగో తెలియదు. కానీ నా కొలతకు సరిపోయేది ఒకటి ఉంది. దానికి ఆమె చూసిన గుర్తు ఆ కుదురులేనితనమే. నన్ను దిద్దాలని చూడలేదు, ఉన్నవాణ్ణి ఉన్నట్టే కొలిచింది.

ఇప్పుడు రోజూ బడి వదలగానే ఎవరూ వినని జపాను గాయకులను వెతుకుతున్నాను. ఒక్కొక్క పాటను దుకాణానికి తీసుకెళ్ళి స్పీకరు బల్ల మీద పెడుతున్నాను. ఓదెలు బావ అరచేయి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. బట్టలు తిరిగి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు తొందరపడకుండా నిలబడి వింటున్నారు. కొలిచే చెయ్యి లేదు గనుక ఏ పాట ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. ఆ లోటు ఈ పట్టణంలో ఇక తీరేది కాదు. అక్కా, నువ్వు పెట్టినట్టే ప్రతి పాట కిందా రెండు చేతులు జోడించి పెడుతున్నాను. అందులో ఒక నమస్కారం వాళ్ళకు, ఒకటి నీకు.

నిన్న ఒకటి పెట్టాను. తడబడుతూ, పరుగెడుతూ, మధ్యలో ఆగే పాట. నేను బావ ముఖంలోకి చూశాను. బావ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఇది గాదు బామ్మర్దీ" అన్నాడు చివరికి. చెయ్యి మాత్రం బల్ల మీదే ఉంచాడు. "గాని మంచిగున్నది. ఇంకోటి పెట్టు."