ఈల వేశాకే దండం

కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కబడ్డీలో నాది ఎడమ మూల. కూతకొచ్చినవాడి చీలమండ పట్టి కూలదోయడం తప్ప నాకు ఇంకేదీ సరిగ్గా రాదు. నా మార్కుల మెమోలు కూడా అదే చెబుతాయి. మాస్టర్స్‌కి జర్మనీ వచ్చాక, యూనివర్సిటీ క్యాంటీన్ గోడ మీద అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి ఆటగాళ్లు కావాలన్న పోస్టర్ చూసి వెళ్లాను. హెల్మెట్టూ, భుజాలకి ప్యాడ్లూ తొడిగి డిఫెన్స్‌లో నిలబెట్టారు. బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి పడగొట్టాలి. దీనికింత సామాను ఎందుకో అర్థం కాలేదు గానీ, పని మాత్రం నాకు తెలిసిందే.

రెండేళ్లు ఆడాను, బాగానే ఆడాను. ఒక్కటే తంటా. కిందపడ్డవాడికి నా కాలు తగిలితే చెయ్యి దానంతటదే వాడి భుజం మీదికి, అక్కణ్ణుంచి నా కళ్ల దగ్గరికి పోయేది. కబడ్డీలో ఈ గొడవ లేదు. వట్టి కాళ్లతో ఆడతాం, దిగేముందే నేలకి దండం పెట్టుకుని అన్నీ కలిపి సరిపెట్టేస్తాం. కింద పిన్నులున్న బూటుతో మనిషిని తొక్కడం మాత్రం నా వల్ల కాలేదు. యూనివర్సిటీ జట్టువాళ్లు నవ్వుకుని వదిలేసేవాళ్లు.

థీసిస్ ఇచ్చిన వారానికి ఒక ప్రొఫెషనల్ జట్టు సెలక్షన్‌కి రమ్మంది. అప్పటికే ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో ఒక ఆఫీసు ఉద్యోగం నా జవాబు కోసం చూస్తోంది. నాకు జట్టే కావాలి. జీవితంలో దేన్నీ అంతగా కోరుకోలేదు.

పొద్దంతా బాగానే గడిచింది. ఆఖరి ఆటలో, నన్ను అడ్డుకోవాల్సిన భారీ మనిషి జారి పడ్డాడు. నా బూటు వాడి ఛాతీ మీద పడింది. బంతి ఉన్నవాడు మూడడుగుల దూరంలో ఉన్నాడు, దారి ఖాళీగా ఉంది. నేను ఆగాను. వంగి ఆ పడ్డవాడి భుజం తాకి, హెల్మెట్ కమ్మీలకే చెయ్యి అద్దుకున్నాను. తలెత్తేసరికి బంతి ఉన్నవాడు గీత దాటేశాడు.

అమెరికా నుంచి వచ్చిన కోచ్ నన్ను పక్కకి పిలిచి అదేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇంకో రెండు వారాల్లో మళ్లీ సెలక్షన్ ఉందనీ, ఆ చేసేదేదో ఈల వేశాక చేసుకోమనీ అన్నాడు.

ఇంటికొచ్చి మా రూమ్మేట్‌కి చెప్పాను. వాడిది గుంటూరు, నాకన్నా రెండేళ్లు చిన్న, ఆదివారం చర్చి తప్పనివాడు. కాలు తగిలితే దండం పెట్టడం వాడి ఇంట్లోనూ అలవాటేనట. అంతా విని లేచి, చలికాలం జాకెట్ తొడుక్కుని వంటగదిలో నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

"తొక్కన్నా."

"పిచ్చా నీకు?"

"నాకేం కాదన్నా, తొక్కి పరిగెత్తు. గోడ ముట్టుకో. నేను ఈల ఏశాకే దండం."

మొదటిరోజు ఒక్కసారి కూడా గోడ దాకా పోలేకపోయాను. సాక్సు కాలు వాడి జాకెట్‌కి తగలగానే నడుము దానంతటదే వంగిపోయేది. వాడు కింద నుంచి తిట్టేవాడు. నాలుగోరోజుకి గోడ ముట్టుకున్నాను. ఇక్కడ ఆదివారాలు చప్పుడు చెయ్యకూడదట, ఈ గోలేమిటని కింది అంతస్తు ఆవిడ తలుపుకి చీటీ అంటించింది. వాడు ఆ చీటీని ఫ్రిజ్ మీద పెట్టి మళ్లీ పడుకున్నాడు. పది రోజులు ఇదే వరస.

రెండో సెలక్షన్‌లో కూడా ఒకణ్ణి తొక్కాను. ఆగలేదు. బంతి ఉన్నవాణ్ణి చీలమండ దగ్గర దొరకబుచ్చుకుని కూలదోశాను. ఈల పడ్డాక వెనక్కి నడిచి, లేచి దులుపుకుంటున్నవాడి భుజం తాకి కళ్లకద్దుకున్నాను. కోచ్ తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

జట్టులో నాకూ చోటు దొరికింది, మొదటి సీజన్‌లో పద్నాలుగు మ్యాచ్‌లు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన రోజు మధ్యాహ్నం రూమ్మేట్ కోడికూర వండాడు. ఇద్దరం నేల మీదే కూర్చుని మొదలుపెట్టాం. నీళ్ల సీసా కోసం లేచాను, తెచ్చుకుని కూర్చున్నాను. వాడు తినడం లేదు. నన్నే చూస్తున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

నాకేమీ తట్టలేదు. వాడి మోకాలి మీద ఇందాక లేచినప్పుడు నా పాదం తగిలిన చోట కొంచెం దుమ్ముంది. అది చూసి కూడా నాకు అర్థం కాలేదు.

అప్పుడు వాడు ఎడమచేతి వేళ్లు రెండు నోట్లో పెట్టుకుని, మెల్లగా ఈల వేశాడు.

నా చెయ్యి వెంటనే లేచింది. వాడి భుజం తాకింది, నా కళ్లకి తగిలింది. వాడు తల ఊపి కూర కలుపుకున్నాడు. నేను పళ్లెం పక్కకి జరిపి, వాడి మోకాలి మీది దుమ్ము దులిపాను.