యేసమ్మ పెట్టిన సాక్షి సంతకం

పొద్దున ఆరున్నరకు, మదనపల్లె మంచు ఇంకా వీడకముందే, అహరోనుకు ఆకలయ్యేది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయిన ఆ ముసలి కాంపౌండరుకు యేసమ్మ పదకొండేళ్లు రాగిజావ తాగించింది. పుంగనూరు నుంచి వంటకని వచ్చిన మనిషి. రాత్రిబడిలో పేరు రాయడం నేర్చాక, రేషన్ షాపులో వేలిముద్ర అడిగితే, సంతకమే పెడతానని చెయ్యి వెనక్కి లాక్కునేది. అహరోను తన ఇల్లు ఆమెకే చెందాలని వీలునామా రాయించిన రోజు, పక్కింటి టీచరు ఒక సాక్షి అయ్యాడు, రెండో సాక్షి రాలేదు. "వాని కోసం యాల కాసుకోవాల? నేను లేనా?" అంటూ చేతులు తుడుచుకుని, నాలుక కొరుక్కుంటూ సంతకం పెట్టింది. "కలెక్టరమ్మ మాదిరి పెట్టినావే!" అని ముసలాయన నవ్వాడు.

ఆయన పోయాక వకీలు కాగితం చూసి తల పట్టుకున్నాడు. "మీ క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం పెట్టినోళ్లకు రాసింది చెల్లదమ్మా. నువ్వే యాల పెట్టినావు?"

"సంతకం వచ్చు కదప్పా," అంది యేసమ్మ.

ఇల్లు వారసుడిగా అహరోను అన్న కొడుకు నతానియేలుకు పోయింది. "నెలాఖరు దాకా ఉండు అత్తా," అన్నాడతను యేసమ్మతో. మరునాడు అతను వచ్చేసరికి తలుపు తీసే ఉంది. కడిగిన నేల ఇంకా ఆరలేదు. యేసమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.