పైడి మీద కట్టిన పందెం

పన్నెండేళ్లుగా ఒక పిల్ల పేరు వింటే చాలు, నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు. దేవుడికి అసలే చెప్పలేదు, ఆయనకి ముందే తెలిసి ఉంటుందన్న భయంతో. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. తిట్టుకోండి, కానీ మధ్యలో ఆపేయకండి.

కోల్‌కతాలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. మా నాన్న బ్యాంకు ఉద్యోగం మీద విజయనగరం నుంచి ఇక్కడికి వచ్చారు, నేను ఇక్కడే ఉండిపోయాను. అప్పట్లో మా స్టాఫ్ రూమ్‌లో ఒక ఉత్తుత్తి శాఖ ఉండేది. జూదం, దొంగ పెట్టుబడుల శాఖ. బీరువా తలుపు లోపలివైపు దాని సిలబస్ అంటించుకున్నాం. మొదటి పేపరు, ఓడిపోతూ నవ్వడం. రెండోది, జనం డబ్బుతో ఊరు దాటడం, ఇది ప్రాక్టికల్. మూడోది, లోపలి సమాచారం రాబట్టడం. స్నాతకోత్సవం లాకప్‌లో. ఎకనామిక్స్ చెప్పే పెద్దాయనని అందరం దాదా అనేవాళ్లం. ఆయనే నన్ను శాఖాధిపతిని చేశాడు. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆ పదవి తెగ నచ్చింది.

డబ్బు కాసేవాళ్లం కాదు. పరీక్ష హాల్లో కాపలా ఉండటాన్ని ఇక్కడ గార్డు అంటారు. ఆ గార్డు డ్యూటీలే మా పందెం. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల బదులు మూడేసి గంటలు హాల్లో నిలబడాలి. మొదట వాన మీద కాశాం, తర్వాత ప్రిన్సిపాల్ ఉపన్యాసం ఎంతసేపు సాగుతుందన్న దాని మీద. అదీ విసుగెత్తింది. ఒకరోజు దాదా కొత్త పందెం పెట్టాడు. మొదటి సంవత్సరంలో దుర్గాపూజ సెలవుల్లోపు చదువు మానేసేది ఎవరు? అందరం నవ్వాం. మనుషుల మీద ఏమిటండీ అని ఒక్కరైనా అనలేదేం? నేనెందుకు అనలేదు? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను కదా.

పైడి అనుకోండి, అసలు పేరు కాదు. టికియాపారా రైల్వే క్వార్టర్స్ పిల్ల. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. నాకు తెలుగు వచ్చని తెలిసిన రోజు ఆ పిల్ల మొహం చూడాలి. కాలేజీ మొత్తంలో ఆ భాష మా ఇద్దరికే తెలుసు. అందుకే క్లాసయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, చుట్టూ ఎంతమంది ఉన్నా భయం లేకుండా ఇంటి సంగతులన్నీ చెప్పేది. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయట. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తనే తీసుకెళ్లాలి, హాజరు తగ్గిపోతోంది. వింటుంటే జాలేసింది, అది అబద్ధం కాదు. ఆ మధ్యాహ్నమే వెళ్లి పైడి పేరు మీద ఏడు డ్యూటీలు కాశాను. మా సిలబస్‌లో మూడో పేపరు శ్రద్ధగా చదివింది నేనొక్కదాన్నే.

హాజరు తగ్గినవాళ్లు మాఫీ కోసం ఒక కాగితం ఇవ్వాలి. దాని మీద పాఠం చెప్పేవాళ్ల సంతకం ఉండాలి. శుక్రవారం నాలుగింటిలోపు అది ఆఫీసుకి చేరకపోతే పేరు కొట్టేస్తారు. గురువారం పైడి వచ్చింది.

“ఈ కాయితం మీద సంతకం ఎట్టీండి మేడమ్. రేపే ఆకరంట.”

“ఏటే అంత కంగారు? బల్ల మీద పెట్టి వెళ్లు.”

“రేపు అమ్మని ఆసుపత్రికి తీసుకెల్లాల, నాను రాలేను. మీరే ఆపీసులో ఇచ్చీగలరా?”

“ఇచ్చేస్తాన్లే. నువ్వెళ్లు.”

“మీరున్నారు గదా, మరి నాకేటి బయిం.”

శుక్రవారం మూడున్నరకి ఆ కాగితం నా ముందే ఉంది. పెన్ను చేతిలో ఉంది. ఆఫీసు కింది అంతస్తులోనే. ఏడు డ్యూటీల కోసమా? అంత నీచురాలినా అని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. కాదనిపిస్తుంది, కానీ అసలు కారణం ఇంకా సిగ్గుచేటు. అందరి ముందూ నా అంచనా నిజం కావాలనీ, లెక్కల మనిషంటే ఇదీ అని దాదా మెచ్చుకోవాలనీ, ఆ ఒక్క మాట కోసం నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. టీ తాగాను. సింగాడా, అదే మన సమోసా, తిన్నాను. నాలుగు దాటింది. మరిచిపోయానని స్టాఫ్ రూమ్‌లో చెప్పాను. మరిచిపోలేదు.

పైడికి ఇంకో అబద్ధం చెప్పాను, ఆఫీసువాళ్లు ఒప్పుకోలేదని. నమ్మింది. పైగా నన్నే ఓదార్చింది. దాదా రసగుల్లాలు తెప్పించాడు. ఆ పరీక్షల్లో ఏడు పూటలు నేను ఇంట్లో పడుకున్నాను, ఒక్క పూటా నిద్ర పట్టలేదు. చలికాలంలో వాళ్ల అమ్మ పోయింది. మేడమ్, మా పిల్ల కోసం మీరు చాలా పాటుపడ్డారట అని వాళ్ల నాన్న కాలేజీకి వచ్చి నాకు దండం పెట్టి వెళ్లాడు.

పైడి ఇప్పుడు సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో బల్లలు తుడుస్తుంది. తెలుగు రాయడం రాదు కాబట్టి ప్రతి విజయదశమికీ ఫోన్‌లో మాట రికార్డు చేసి నమస్కారం పంపుతుంది. ఈసారి దశమికి ఇంకా నెలలుండగానే వచ్చింది. అప్పట్లో ఆరేళ్ల పిల్లగా ఉన్న చెల్లికి మా కాలేజీలోనే, మా స్టాటిస్టిక్స్ శాఖలోనే సీటొచ్చిందట. “మా సెల్లిని మీ సేతుల్లో ఎడతన్నాను మేడమ్. నన్ను సూసినట్టే దాన్నీ సూడండి.”

ఇంకా జవాబివ్వలేదు. దాదా రిటైరయ్యాడు. ఇప్పుడు నేను నిజంగానే శాఖాధిపతిని, అలాంటి కాగితాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఈమధ్య కుర్ర లెక్చరర్లు ఫోన్లు చూసుకుని ఏదో నవ్వుకుంటున్నారు. నేను లోపలికి రాగానే ఫోన్లు బోర్లా పెట్టేస్తున్నారు. ఏమిటని అడగడానికి నాకు నోరు రావడం లేదు. సోమవారం నుంచి క్లాసులు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. పైడికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకు తెలియదు. కానీ మాట మాత్రం ఇది: పైడి చదువు మానలేదు, నేను మాన్పించాను. ఈ వాక్యం రాయడం ఇదే మొదటిసారి. రాశాక కాసేపు ఊపిరాడింది.