మా బావ వేళ్ళ మీది చక్రాలు

మొన్న కడపలో సిమ్ కార్డు కోసం వెళితే, కౌంటర్లోని అమ్మాయి నా ముఖం వంకైనా చూడకుండా చిన్న యంత్రాన్ని ముందుకు తోసి వేలు పెట్టమంది. మొదటిసారి ఎర్రదీపం వెలిగింది, వేలు తుడిచి మళ్ళీ పెడితే పచ్చదీపం వెలిగింది, నేను నేనేనని తేలిపోయింది. వేలిముద్రల పనిలోనే తల నెరిసినవాణ్ణి కదా, అక్కడ నవ్వొచ్చింది గానీ ఇంటికొచ్చాక ఎందుకో దిగులేసింది.

మా రోజుల్లో ఆ పని అంత తేలిగ్గా అయ్యేది కాదు. కడపలో ఒక సర్కారు ఆఫీసులో నేర్చుకున్న విద్యతో కువైట్ చేరి, మిర్కాబ్‌లోని ఒక ఆఫీసులో ఇఖామా కోసం, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు కోసం వచ్చేవాళ్ళ ముద్రలు తీసి, వాటిని రకాలవారీగా విడదీసే పనిలో కుదిరాను. గీతలు గుండ్రంగా తిరిగితే సుడి, ఒక పక్క నుంచి వచ్చి వంపు తిరిగి మళ్ళీ అదే పక్కకు పోతే మెలిక, ఊరికే పైకి లేచి దిగిపోతే కమాను; ఎంతమంది వేళ్ళు చూసినా దాదాపు ఈ మూడింట్లోనే సర్దుకునేవి. మన ఇళ్ళల్లో అవ్వలు పురిటిబిడ్డ వేళ్ళు విప్పి చక్రాలెన్ని, శంఖాలెన్ని అని చూసేదీ ఇవే గీతల్ని, కాకపోతే వాళ్ళు జాతకం చెప్పేవాళ్ళు, మేము మనిషిని చెప్పేవాళ్ళం. సిరా పూసిన వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కాగితం మీద దొర్లించాలి. కొత్తగా వచ్చినవాళ్ళు భయంతో చెయ్యి బిగబట్టేవాళ్ళు, బిగబడితే ముద్ర అలుక్కుపోతుంది. మనవాళ్ళెవరైనా వస్తే "ఒదులుగా పెట్టప్పా, నేను తిప్పుకుంటాలే" అనేవాణ్ణి. పొద్దంతా పరాయివాళ్ళ చేతులు పట్టుకుని, సాయంత్రం గదికి పోతే, గదిలోవాళ్ళంతా రాత్రి డ్యూటీలకు పోయుండేవాళ్ళు, పలకరించే దిక్కుండేది కాదు.

శుక్రవారాలు మాత్రం మా అక్క మొగుడు, మా బావ, జహ్రా నుంచి వచ్చేవాడు. అక్కడొక కువైటీ ఇంట్లో డ్రైవరు ఆయన. పుట్టినప్పుడే పది వేళ్ళకూ చక్రాలున్నాయని, రాజయోగమని వాళ్ళవ్వ ఊరంతా చాటిందట. నేను నమ్మక భూతద్దం పెట్టి ఒక్కో వేలూ చూశాను. నిజమే, వాళ్ళవ్వ చక్రాలన్నవే మా లెక్కలో సుళ్ళు, పదీ సుళ్ళే, అన్ని వేల చేతులు చూసినా నాకు అట్లాంటివి అరుదుగా తగిలాయి. రాజయోగం స్టీరింగు దగ్గరే ఆగిపోయిందే అని ఎగతాళి చేస్తే, "రాజుల్ని తిప్పేవాడు రాజుకంటే పెద్దోడు రా" అని మీసం దువ్వేవాడు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడింది. ఆఫీసు మూతబడింది, ఫోన్లు మూగబోయాయి, బావ జాడ లేదు. జహ్రా దారిలో బండ్లు కాలిపోయాయని చెప్పుకున్నారు. నా గదిలోని వాళ్ళంతా అమ్మాన్ పోయే బస్సులెక్కి వెళ్ళిపోతూ నన్నూ రమ్మన్నారు. బావ సంగతి తేలకుండా ఏ ముఖం పెట్టుకుని అక్క ముందుకు పోయేది? ఉండిపోయాను. ఖాళీ మంచాల మధ్య కూర్చుని కుబూస్ రొట్టె నీళ్ళలో అద్దుకుని తింటూ, మనిషి గొంతు వినాలనిపించి నాతో నేనే పైకి మాట్లాడుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం, కింది అంతస్తులో ఉండే రాయచోటి భాయ్ తలుపు తట్టాడు. ఆసుపత్రిలో ఊడ్చే పని ఆయనది. "జహ్రా దావలో దొరికినాడంట అబ్బా, డ్రైవరు మాదిరుండాడు. మొగం తెలీడంల్యా. ఒకతూరి వచ్చి సూడు" అన్నాడు. భూతద్దం జేబులో వేసుకుని ఆయన వెంట నడిచాను.

శవాల గదిలో గుడ్డ కప్పి పడుకోబెట్టారు. అదే ఒడ్డు, అదే పొడవు. గుడ్డ తొలగించే ధైర్యం లేక చెయ్యి మాత్రమే బయటికి తీయమన్నాను. తడిదూదితో బొటనవేలు తుడిచి తిప్పబోతే బిగుసుకుపోయి తిరగలేదు. "ఒదులుగా పెట్టప్పా" అని నా నోరు దానంతటదే అనేసింది. భాయ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

అద్దం కింద మెలిక కనబడింది. సుడి కాదు. మా బావ కాదు! ఒళ్ళంతా చెమట పట్టి, అక్కడే గోడకు ఆనుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. చూడవలసింది ఆ ఒక్క వేలే, పని ఖలాస్ అయినట్టే. అయినా ఆ చెయ్యి వదిలేసి రాబుద్ధి కాలేదు. రెండో వేలు తుడిచాను, గుడారంలా నిటారుగా లేచిన కమాను, ఎప్పుడో గానీ కనబడనిది. అట్లా పది వేళ్ళూ చూశాను.

బావ వాళ్ళ యజమాని కుటుంబంతో మొదటి రోజే ఎడారి దాటి సౌదీలో పడి, నాకంటే ముందే ఇల్లు చేరాడట. అది తెలియని నేను, ఇక బస్సులుండవంటే తప్పక బయలుదేరి, అమ్మాన్ గుడారాల్లో పడుండి, బొంబాయి మీదుగా రాజంపేట స్టేషన్లో దిగితే ఎదురొచ్చింది ఆయనే. జనమంతా చూస్తుండగా ఆయన చేతులు లాక్కుని వేళ్ళు తిప్పి తిప్పి చూస్తూ ఏడ్చాను. ఎండదెబ్బకు నాకు మతి చలించిందనుకున్నాడు పాపం. ఆసుపత్రి సంగతి ఆయనకు గానీ అక్కకు గానీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు దేశదేశాల ముద్రలూ కంప్యూటర్లలో ఉన్నాయట, వేలు చూపితే చాలు, నిమిషంలో పేరూ ఊరూ చెప్పేస్తాయట. మంచిదే, ఎన్నో ఇళ్ళకు కబురైనా అందుతుంది. నా వృత్తి ముద్ర ఎవరిదో చెప్పడం. ఆ రోజు ఎవరిది కాదో ఒక్కటి చెప్పి బయటపడ్డాను. గుడ్డ కింది ఆ మనిషిది ఏ ఊరో, ఏ భాషో నాకు తెలియదు. మా ఇంట్లోవాళ్ళ ముఖాలు కూడా గుర్తురాని వయసొచ్చింది గానీ, ఆ పది వేళ్ళు మాత్రం కళ్ళు మూసుకున్నా వరుసగా చెప్పగలను. చెప్పమని అడుగుతూ ఇన్నేళ్ళలో ఒక్కరూ నా దగ్గరికి రాలేదు.