దక్షిణం ఒడ్డున తమ్ముడు

అక్టోబరు పన్నెండు, ఆదివారం. నాన్నగారి తద్దినం. నదికి ఇవతల, అమెరికాలో: నేను, నా భార్య, మా అబ్బాయి, పురోహితుడు. అవతల, కెనడాలో: తమ్ముడు, అతని కూతురు.

హాజరైనవాళ్ళను ఇలా రెండు ఒడ్లకు విడదీసి డైరీలో రాయడం నాకిదే మొదటిసారి. నాన్నగారు పోయినప్పటినుంచి తద్దినం ఇద్దరం కలిసే పెడుతున్నాం. పెద్దవాణ్ణి కనుక నువ్వులూ నీళ్ళూ నేను వదులుతాను. తమ్ముడు పక్కన కూర్చుని దర్భతో నన్ను తాకుతాడు. ఆ తాకడంతో అతని వంతూ జరిగినట్టే. వేరుపడ్డ అన్నదమ్ములే ఎవరింట్లో వాళ్ళు విడిగా పెట్టుకుంటారు.

ఈసారి తమ్ముడు కెనడాలో కూతురింటికి వచ్చాడు. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్న మాకు గంట దూరం. అతనికి అమెరికా వీసా ఇవ్వలేదు. నేనే వెళ్దామంటే రెన్యువల్‌కి పంపిన నా పాస్‌పోర్టు ఇంకా రాలేదు.

"వీడియో కాల్‌లో చేసేయండి నాన్నా, ఐప్యాడ్ సెట్ చేస్తా," అన్నాడు మా అబ్బాయి.

"బాబాయిని ఐప్యాడ్‌కి దర్భ ఆనించమంటావా?"

కుర్ర పురోహితుడు సర్దిచెప్పబోయాడు. "దేశాలు వేరు కదా సార్, విడివిడిగా పెట్టుకోండి. తప్పులేదు."

"మా పెళ్ళాలు వచ్చినా వేరుపడలేదు. ముక్కూ మొహం తెలియని వీసా ఆఫీసరు చెబితే వేరుపడతామా? మధ్యలో నది ఉందిగా. ఇద్దరం అందులోనే చెయ్యి పెడతాం."

"నీళ్ళలోంచి తాకడం నేనెక్కడా చదవలేదు సార్."

"కూడదని చదివావా?"

"లేదండీ," అన్నాడతను.

అలా మధ్యాహ్నానికి నది ఒడ్డున పార్కుకు చేరాం. ఈ నీళ్ళు మా దగ్గరకొచ్చేసరికే మూడు జాతులను తాకి వస్తాయి. అమెరికా, కెనడావాళ్ళు కాక, ఎగువన ఒక దీవిలో ఆదివాసులున్నారు. ఈ రెండు దేశాలూ పుట్టకముందు నుంచీ ఆ నేల తమదేనంటారు. సరిహద్దు గీత గీసిన వాళ్ళు వాళ్ళనూ అడగలేదు, నీళ్ళనూ అడగలేదు.

పితృకార్యం దక్షిణం వైపు తిరిగి చేయాలి. కెనడా అంటే అందరూ ఉత్తరం అనుకుంటారు కానీ, డెట్రాయిట్ దగ్గర నది వంపు తిరగడంతో అది మాకు దక్షిణాన పడింది. పురోహితుడు నన్ను అటు తిప్పగానే, ఎదుటి ఒడ్డున చిన్న చుక్కలా ఎర్ర గొడుగు కనిపించింది. గుర్తుగా దాన్ని తెమ్మని తమ్ముడికి నేనే చెప్పాను.

"ఏమండీ, పితృదేవతల దిక్కున మరిదిగారు నిలబడడమేమిటి? అపశకునం!" అంది నా భార్య.

స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌లో తమ్ముడు అది విన్నాడు. "బతికే ఉన్నాను వదినా! మీ ఆయన కానివ్వకపోతే ఆకలితో పోతాను."

అంతలో ఫోన్‌లో 'వెల్‌కమ్ టు కెనడా' అని మెసేజ్ పడింది.

"నాన్నా, రోమింగ్!" మా అబ్బాయి కంగారుపడ్డాడు.

"చూశావా, దాన్ని ఎవరూ వీసా అడగలేదు."

అబ్బాయి నా రెట్ట పట్టుకున్నాడు. రాళ్ళ మీదుగా మోకాళ్ళ లోతుకు దిగాను. నీళ్ళు కోసేస్తున్నాయి. దర్భ పట్టుకున్న చేతిని నదిలో ముంచానని అవతలనుంచి తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. నాన్నగారి పేరు చెప్పి మొదటి దోసిలి వదిలాను. సరిగ్గా అప్పుడే ఖనిజం మోసుకుపోయే పొడవాటి ఓడ ఒకటి మా మధ్యకు వచ్చింది. గొడుగు కనబడలేదు. ఓడ ఎంతకీ తరగదు. పురోహితుడు మంత్రం ఆపి నా వైపు చూశాడు.

"తమ్ముడూ?"

"తియ్యలేదు అన్నయ్యా! చెయ్యి నీళ్ళలోనే ఉంది. నువ్వు కానివ్వు!"

"ఆపకు, చదువు," అన్నాను పురోహితుడితో.

రెండో దోసిలి వదిలాను, మూడోదీ వదిలాను. ఓడ దాటిపోయాక దాని వెనకాల లేచిన అల వచ్చి నన్ను నడుం దాకా తడిపింది. అంతలోనే ఫోన్‌లో తమ్ముడి కేక: "ఓరి నాయనో, పంచె మొత్తం తడిసింది!"

పురోహితుడు నవ్వాడు. "తాకింది సార్," అన్నాడు.

తద్దినం మర్నాడు ఉదయం కూడా తర్పణం వదలాలి. ఇంట్లో పళ్ళెంలో వదిలితే చాలని పురోహితుడు చెప్పే వెళ్ళాడు. సోమవారం తెల్లవారగానే నేను స్నానం చేసి, పంచె కట్టుకుని, నువ్వుల పొట్లంతో కారు పక్కన నిలబడ్డాను. మా అబ్బాయి తాళాలతో బయటికొచ్చి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు.

"నైన్‌కి మీటింగ్ ఉంది నాన్నా," అని తలుపు తీశాడు. "కార్‌లోంచే జాయిన్ అవుతాలే. ఎక్కండి."

మేం వెళ్ళేసరికి అవతలి ఒడ్డున ఎర్ర గొడుగు అప్పటికే విచ్చుకుని ఉంది.